తుంటి, మోకాలి ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లను ఎక్కడ ఉంచాలి: చెన్నైలో ఇల్లా, రిహాబ్ సెంటరా, సొంతూరా?

నెల్లూరు, సూళ్లూరుపేట, తిరుపతి వైపు నుంచి అమ్మానాన్నల్ని చెన్నైకి తెచ్చి ఎముకల ఆపరేషన్ చేయించే కుటుంబాలు సర్జన్ ఎవరు, ఇంప్లాంట్ ఏ కంపెనీది అని ఎంతో ఆరా తీస్తాయి. డిశ్చార్జి తర్వాత ఎక్కడ ఉంచాలన్నది మాత్రం బిల్లు కట్టే క్యూలో నిలబడి తేల్చేస్తాయి. ఫిజియోథెరపిస్టుగా నాకు ఈ రెండో నిర్ణయమే పెద్దదిగా కనిపిస్తుంది. ఆపరేషన్ గంటా రెండు గంటల్లో అయిపోతుంది. తర్వాతి మూడు నెలల్లో ఎవరు లేపి నిలబెట్టారు, రోజుకు ఎన్నిసార్లు నడిపించారు అన్నదాన్ని బట్టి ఒకరు బాత్రూముకు తమంతట తాము వెళ్తారు, ఇంకొకరు డైపర్లకు అలవాటుపడిపోతారు.

కాబట్టి ఇక్కడ అన్నింటినీ ఒకే ప్రశ్నతో చూస్తాను. ఏ చోట ఉంటే ఆ మనిషి పడిపోకుండా, రోజూ ఎక్కువసార్లు లేచి నడుస్తారు? గది ఎంత బాగుంది, ఏసీ ఉందా, బంధువులు ఏమనుకుంటారు అన్నవన్నీ దాని తర్వాతే.

విరిగిన తుంటి, అరిగిన మోకాలు ఒకటి కావు

తుంటి విరిగితే ఆలోచించుకునే వ్యవధి ఉండదు. ఒంటి పరిస్థితి అనుకూలిస్తే 24 నుంచి 48 గంటల్లో ఆపరేషన్ అయిపోవాలి. వీలైతే మర్నాడే లేపి నిలబెట్టాలి. విరిగిన చోటును బట్టి రాడ్డు వేస్తారు, లేదా తుంటి కీలులో బంతిలా ఉండే తొడ ఎముక తల (బాల్) మారుస్తారు. రెండూ చేసేది ఆ మనిషి త్వరగా కాలు మీద బరువు వేయగలగాలనే.

మన వైపు ఎముక విరిగిందంటే మొదట గుర్తొచ్చేది పుత్తూరు. ఆకు పసరు, గుడ్డు తెల్లసొన, వెదురు దబ్బలతో వేసే ఆ కట్టు కోసం తరతరాలుగా చెన్నై నుంచి కూడా జనం వెళ్తున్నారు. చెన్నై వీధుల్లోనే పుత్తూరు కట్టు బోర్డులు కనిపిస్తాయి. ఆ నమ్మకాన్ని చులకన చేసే ఉద్దేశం నాకు లేదు. కానీ తుంటి కీలు లోతుగా, బలమైన కండల మధ్య ఉంటుంది. బయట ఎంత గట్టిగా కట్టినా లోపల విరిగిన ముక్కలు కదలకుండా ఆగవు. పైగా కట్టు వేసి వారాల తరబడి పడుకోబెడితే పడక పుండ్లు, ఊపిరితిత్తుల్లో నెమ్ము, కాళ్లలో రక్తం గడ్డలు వరసకడతాయి. పెద్దవయసులో తుంటి విరిగినవాళ్ల ప్రాణం తీసేది ఎక్కువగా ఈ మంచాన పడటమే. డెబ్బై ఏళ్ల మనిషి జారిపడి, కాలు పొట్టిగా, పాదం బయటికి తిరిగి కనిపిస్తే 108కి ఫోన్ చేసి, ఎక్స్‌రే ఉన్న ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఈ ఒక్క విషయంలో నేను రెండో మాటకు చోటివ్వను.

మోకాలి అరుగుదలలో వ్యవధి ఉంటుంది. ‘గుజ్జు అరిగిపోయింది, ఆపరేషన్ తప్పదు’ అని ఎక్స్‌రే చూసి చెప్పగానే అడ్వాన్స్ కట్టాల్సిన పని లేదు. ఎక్స్‌రేలో బాగా అరిగిన మోకాలితో హాయిగా తిరిగేవాళ్లు ఉన్నారు, కొద్దిగా అరిగినా మెట్టు ఎక్కలేనివాళ్లూ ఉన్నారు. తొడ ముందు కండను బలపరిచే వ్యాయామం, బరువు తగ్గడం, నొప్పి ఉన్నచోట డైక్లోఫెనాక్ జెల్ రాయడం, నొప్పి ఉన్న కాలికి అవతలి వైపు చేతిలో కర్ర పట్టుకోవడం మొదటి మెట్టు. ఒక కిలో బరువు తగ్గితే అడుగడుగునా మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది. నొప్పుల మాత్రలు బీపీ, షుగర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు సొంతంగా మెడికల్ షాపులో కొని వాడకూడదు. స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది. ఇంట్లో పెళ్లి దగ్గరపడినప్పుడో, వ్యాయామం మొదలుపెట్టలేనంత నొప్పి ఉన్నప్పుడో అది పనికొస్తుంది. మూడు నెలలకొకసారి వేయించుకుంటూ పోతే మృదులాస్థి ఇంకా తరుగుతుందని 2017లో అమెరికాలో వచ్చిన అధ్యయనం చూపింది. గుజ్జు ఇంజెక్షన్లు, సొంత రక్తం నుంచే తీసి ఎక్కించే పీఆర్పీ ఇంజెక్షన్ల ఖరీదుకు తగ్గ ఆధారం నాకు కనిపించలేదు. మూడు నెలలు శ్రద్ధగా వ్యాయామం చేశాక కూడా రాత్రి నొప్పికి నిద్ర లేకపోయినా, ఇంట్లో తిరగడమే కష్టమైనా అప్పుడు మార్పిడి ఆపరేషన్ మంచి నిర్ణయమే. మార్చిన మోకాళ్లలో ఎక్కువ భాగం 20 ఏళ్లు దాటి పనిచేస్తాయి. అయితే అయిదుగురిలో ఒకరి దాకా ఆపరేషన్ తర్వాత కూడా ఎంతో కొంత నొప్పి మిగులుతుందన్నది ముందే తెలుసుకోవాలి.

రిహాబ్ సెంటర్ ఎవరికి?

చెన్నైలో ప్రైవేటు రిహాబ్ సెంటర్లు, ఆపరేషన్ తర్వాత కొన్ని వారాలు ఉంచుకునే కేర్ సెంటర్లు చాలా వచ్చాయి. నర్సు, ఆయా, ఫిజియో, భోజనం అన్నీ ఒకేచోట. పిల్లలిద్దరూ ఉద్యోగాలకు పోయే ఇల్లయితే ఇది పెద్ద ఊరట.

నా లెక్కలో దీని అవసరం నిజంగా ఉన్నవాళ్లు వీళ్లు: తుంటి విరగకముందే అడుగు తడబడుతున్నవాళ్లు, ఇద్దరు పట్టుకుంటే తప్ప మంచం దిగలేనివాళ్లు, పక్షవాతమో పార్కిన్సన్స్ జబ్బో కూడా ఉన్నవాళ్లు, ఇంట్లో పగలంతా ఒంటరిగా ఉండాల్సినవాళ్లు. రెండు మూడు వారాలు అక్కడ ఉండి, ఒకరి సాయంతో బాత్రూముకు వెళ్లే స్థితికి వచ్చాక ఇంటికి తేవచ్చు.

మోకాలి మార్పిడి ఏ చిక్కూ లేకుండా అయినవాళ్లకు మాత్రం అంత ఖర్చు అక్కర్లేదు. 2017లో ఆస్ట్రేలియాలో 165 మంది మీద చేసిన అధ్యయనంలో కొందరిని పది రోజులు రిహాబ్ ఆసుపత్రిలో ఉంచి ఆ తర్వాత ఇంటి వ్యాయామాలు ఇచ్చారు, మిగతావాళ్లను నేరుగా ఇంటి వ్యాయామాలతోనే పంపారు. 26 వారాల తర్వాత ఆరు నిమిషాల్లో ఎంత దూరం నడవగలరో చూస్తే రెండు గుంపులకూ తేడా రాలేదు. ఆ డబ్బుతో ఇంటికి వచ్చే ఫిజియోను ఎక్కువ రోజులు పెట్టుకోవచ్చు, బాత్రూము బాగుచేయించుకోవచ్చు.

సెంటర్ చూడ్డానికి వెళ్తే రిసెప్షన్ దగ్గర ఆగిపోకండి. మధ్యాహ్నం నాలుగింటికి చెప్పకుండా వెళ్లి, ఎంతమంది మంచం మీద ఉన్నారో, ఎంతమంది కుర్చీలో కూర్చున్నారో, ఎంతమంది నడుస్తున్నారో చూడండి. అందరూ పడుకుని ఉంటే అది రిహాబ్ సెంటర్ కాదు. ఫిజియో రోజుకు ఎన్నిసార్లు వస్తారు, ఆదివారం వస్తారా, బాత్రూముకు నడిపిస్తారా లేక బెడ్‌పాన్ పెడతారా అని అడగండి. రోజు ప్యాకేజీలో మందులు, డైపర్లు, ఆయా, డాక్టర్ విజిట్ కలిసి ఉన్నాయో విడిగా వేస్తారో కాగితం మీద రాయించుకోండి.

మతిమరుపు జబ్బు ఉన్న పెద్దవాళ్ల విషయంలో నాది కొంచెం వేరే అభిప్రాయం. కొత్త చోట, కొత్త మొహాల మధ్య వాళ్ల అయోమయం పెరుగుతుంది. నెల్లూరు పల్లెలోని అవ్వకు చుట్టూ తమిళం మాత్రమే వినిపిస్తే ‘కాలు చాపు’ అన్నది కూడా అర్థంకాక బెదిరిపోతుంది. ఇంట్లో మనుషులు ఉంటే ఇల్లే మేలు. సెంటర్ తప్పదనుకుంటే రోజుకు ఒక పూటైనా తెలుగు మాట్లాడే సొంత మనిషి పక్కనుండాలి. కళ్లజోడు, వినికిడి యంత్రం ఆపరేషన్ రోజు నుంచే అందుబాటులో ఉంచండి. సరిగా కనపడక, వినపడక అయోమయం పెరిగేవాళ్లు చాలామంది.

ఇంట్లో ఉంచుకుంటే

చాలా కుటుంబాలకు నేను చెప్పేది ఇదే. అయితే ఇల్లు అంటే మంచం కాదు. ఆపరేషన్ కంటే ముందే ఇంటిని ఒకసారి వాకర్ పట్టుకున్న మనిషి కళ్లతో చూడాలి.

మొదట మంచం నుంచి బాత్రూము దాకా ఉన్న దారి. చెన్నై పాత అపార్ట్‌మెంట్లలో బాత్రూము గది కంటే ఒక మెట్టు కిందికి ఉంటుంది, తలుపు సన్నంగా ఉంటుంది. వాకర్ వెడల్పు కొలిచి, ఆ తలుపులో పడుతుందో లేదో చూడండి. పడకపోతే లోపల గోడకు పట్టుకునే రాడ్లు బిగించాలి, అవి కుదిరేదాకా మంచం పక్కన కమోడ్ కుర్చీ పెట్టాలి. ఇండియన్ టాయిలెట్ మాత్రమే ఉన్న ఇల్లయితే ఆపరేషన్‌కు ముందే మార్చుకోండి. బాల్ మార్చినవాళ్లను గొంతుక్కూర్చోవద్దని, బాసింపట్టు వేయొద్దని, కాలు మీద కాలు వేయొద్దని కొన్ని వారాలపాటు సర్జన్ జాగ్రత్తలు చెబుతారు. కమోడ్ మరీ పొట్టిగా ఉంటే పైన ఎత్తు సీటు కావాలి. మంచం కూడా మోకాలి ఎత్తున ఉండాలి. నేల మీద పరుపు వేయకండి. కాళ్లకు తగిలే పట్టాలు, వైర్లు తీసేయండి. రాత్రంతా ఒక చిన్న లైటు వెలగాలి, ఎందుకంటే రాత్రి బాత్రూముకు లేచినప్పుడు మళ్లీ పడే ప్రమాదం ఉంటుంది. లిఫ్ట్ లేని రెండో అంతస్తు అయితే ఆసుపత్రిలోనే మెట్ల సాధన అయ్యేదాకా డిశ్చార్జికి తొందరపడకండి. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

ఇక మనుషులు. ఇక్కడ ప్రేమే అడ్డం వస్తుంది. ‘నువ్వు లేవొద్దమ్మా, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం’ అనే కొడుకూ కోడలూ చెడ్డవాళ్లు కాదు. కానీ 2007లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో ఆరోగ్యంగా ఉన్న వృద్ధులే పది రోజులు మంచం మీద ఉంటే కాళ్లలో దాదాపు ఒక కిలో కండ కరిగిపోయింది. ఆపరేషన్ అయిన మనిషికి ఆ నష్టం ఇంకెంత! భోజనం టేబుల్ దగ్గరే పెట్టండి. మంచినీళ్ల చెంబు నాలుగడుగుల దూరంలో ఉంచండి. పక్కన మనిషి ఉండి, ఆమెనే లేవనివ్వండి.

తిండి విషయంలో పత్యం పేరుతో జరిగేది చూస్తే బాధేస్తుంది. ‘పప్పు తింటే కుట్లు చీము పడతాయి’ అని నెలపాటు చారన్నం, ఇడ్లీతో సరిపెడతారు. కండ కట్టాల్సిన సమయంలో పప్పు, గుడ్డు, పెరుగు, చేప ఆపేయడం తగదు. కిడ్నీ జబ్బు లేకపోతే శరీర బరువులో కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కిలోల మనిషికి 60 గ్రాముల పైమాట. చారన్నంతో అది రాదు. పొద్దున పెసరట్టు, మధ్యాహ్నం పప్పు, పెరుగు, సాయంత్రం ఒక గుడ్డు, రాత్రి రాగి జావలో పాలు అంటే పెద్దవాళ్లు మారాం చేయకుండా తింటారు.

మోకాలి ఆపరేషన్ అయినవాళ్లకు ఒక హెచ్చరిక. హాయిగా ఉందని మోకాలి కింద దిండు పెట్టుకుంటే కాలు పూర్తిగా చాపుకోలేని స్థితి వస్తుంది. అది వచ్చాక సరిచేయడం చాలా కష్టం. దిండు పెట్టాలంటే మడమ కింద పెట్టండి, మోకాలు గాల్లో ఉండి నిటారుగా సాగాలి.

ఇంటికి వచ్చే ఫిజియోకు కనీసం బీపీటీ (ఫిజియోథెరపీలో బ్యాచిలర్) డిగ్రీ ఉండాలి. వచ్చినవాళ్లు నలభై నిమిషాలూ కరెంటు మెషీన్ పెట్టి, కాలు కాస్త వంచి వెళ్లిపోతే మార్చేయండి. అరుగుదల నొప్పికి అలాంటి మెషీన్లు ఇవ్వొద్దని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ (NICE) సంస్థ 2022 మార్గదర్శకాల్లోనే చెప్పింది. మంచి ఫిజియో మొదటి రోజే ‘మీరు మళ్లీ ఏం చేయాలనుకుంటున్నారు?’ అని అడుగుతారు. మైలాపూరు కపాలీశ్వర కోవెల మాడవీధి ఒక చుట్టు నడవాలనో, మేడ మీద తులసికి నీళ్లు పోయాలనో, పొయ్యి దగ్గర పావుగంట నిలబడి తాలింపు వేయాలనో చెబుతారు. వ్యాయామాలు అక్కడి నుంచి తయారవ్వాలి. తాను రాని రోజుల్లో చేయాల్సినవి తెలుగులో రాసి గోడకు అంటించి వెళ్లాలి.

క్లినిక్‌కి వెళ్లి చేయించుకోవడం

నడక కుదిరాక, అంటే సాధారణంగా నెల దాటాక, ఇంటి ఫిజియో నుంచి క్లినిక్‌కి మారడం లాభం. సైకిల్, బరువులు, సమాంతర కడ్డీలు ఇంట్లో ఉండవు. తోటివాళ్లను చూస్తే హుషారూ వస్తుంది. మొదటి వారంలోనే ఆటోలో కుదుపుకుంటూ వెళ్లడం మాత్రం నేను ఒప్పుకోను. ట్రాఫిక్‌లో గంట కూర్చుని వెళ్లి అరగంట వ్యాయామం చేసి రావడం కంటే ఇంటి వరండాలో పూటకు రెండు చుట్లు మేలు.

ప్రభుత్వ వైపు చెన్నైలో మంచి వసతులున్నాయి, మనవాళ్లకు తెలియక వాడుకోరు. గిండీలోని కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో వృద్ధుల కోసమే 200 పడకల నేషనల్ సెంటర్ ఫర్ ఏజింగ్ 2024 ఫిబ్రవరిలో మొదలైంది. ఎముకలు, బీపీ, మతిమరుపు, ఫిజియో అన్నీ ఒకే కప్పు కింద చూపించుకోవచ్చు. కె.కె. నగర్‌లో ప్రభుత్వ పునరావాస వైద్య సంస్థ ఉంది. తమిళనాడు ప్రభుత్వం 2021 ఆగస్టులో మొదలుపెట్టిన ‘మక్కళై తేడి మరుత్తువం’ (జనాన్ని వెతుక్కుంటూ వచ్చే వైద్యం) పథకంలో బీపీ, షుగర్ మందులతోపాటు ఇంటికే ఫిజియోథెరపీ కూడా ఉంది. చెన్నైలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు తమ వీధికి దగ్గరి ప్రైమరీ హెల్త్ సెంటర్లో అడగాలి.

సొంతూరికి తీసుకెళ్తే

‘నా ఇంటికి తీసుకెళ్లండిరా’ అని నాయన పట్టుబడితే ఆ కోరికను కొట్టిపారేయకండి. తెలిసిన వాకిలి, పలకరించే ఇరుగుపొరుగు ఉంటే మనిషి లేచి తిరుగుతాడు. ఇది ఫ్లాటులో దొరకని మందు. కానీ మూడు విషయాలు తేలాలి. ఊళ్లోనో, పక్క టౌనులోనో వారానికి మూడుసార్లైనా వచ్చే ఫిజియో ఉండాలి. బాత్రూము వాకర్‌కు అనుకూలంగా మారాలి, పెరట్లో దూరంగా ఉన్న దొడ్డి పనికిరాదు. గాయం చెమ్మగిల్లితే, జ్వరం వస్తే అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టర్‌తో మాట్లాడే ఏర్పాటు ఉండాలి. నెల్లూరు నుంచి చెన్నై సుమారు 175 కిలోమీటర్లు. కుట్లు తీసేదాకా, అంటే రెండు వారాలు, చెన్నైలో ఉంచి ఆ తర్వాత పంపడం మధ్యేమార్గం. కారులో వెళ్లేటప్పుడు ముందు సీటు వెనక్కి జరిపి కూర్చోబెట్టి, గంటకోసారి దించి నాలుగడుగులు నడిపించాలి.

డబ్బు సంగతి

70 ఏళ్లు దాటినవాళ్లందరికీ, ఆదాయంతో పనిలేకుండా, 2024 అక్టోబరు నుంచి ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల వైద్య బీమా ఉంది. ఆధార్‌తో కార్డు తీసుకోవాలి. ఆసుపత్రి ఆ పథకంలో ఉందో లేదో అడ్మిట్ కాకముందే అడగాలి. ఆ బీమా డిశ్చార్జి తర్వాత 15 రోజుల దాకానే చూసుకుంటుంది. మూడు నెలల ఫిజియో, ఆయా జీతం మీ జేబులోంచే. ప్రైవేటు పాలసీ ఉంటే డిశ్చార్జి తర్వాతి ఫిజియో ఎన్ని రోజులు కవర్ అవుతుందో అడిగి, డాక్టర్ చేత ఫిజియో అవసరమని డిశ్చార్జి కాగితంలోనే రాయించండి. మోకాలి ఇంప్లాంట్లకు 2017 ఆగస్టులోనే కేంద్రం గరిష్ఠ ధరలు పెట్టింది. బిల్లులో ఇంప్లాంట్ ధర విడిగా చూపమని అడిగే హక్కు మీకుంది. ఉన్న డబ్బులో ఖరీదైన గది, ఖరీదైన ఇంప్లాంట్ మీద కొంత తగ్గించి, ఫిజియోకు ముందే పక్కన పెట్టమంటాను.

ఎముక మందు: ఏది ఎవరికి?

నిలబడ్డ ఎత్తు నుంచి పడితేనే తుంటి విరిగిందంటే ఎముకలు గుల్లబారాయని అర్థం. రాడ్డు వేశారు, నడిపించారు, అంతటితో వదిలేస్తే రెండో తుంటో, వెన్నుపూసో వంతు కోసం చూస్తుంటుంది. కాల్షియం బిళ్ల ఒక్కటే చాలదు. డిశ్చార్జి కాగితంలో ఎముక బలపడే మందు లేకపోతే మీరే అడగండి.

వారానికొకసారి వేసుకునే అలెండ్రోనేట్ మాత్ర చవక. పరగడుపున గ్లాసు నిండా మంచినీళ్లతో వేసుకుని అరగంట పడుకోకుండా ఉండాలి. నిటారుగా కూర్చోలేనివాళ్లకు, గొంతులో మంట ఉన్నవాళ్లకు వద్దు. ఏడాదికి ఒక్కసారి సెలైన్‌లో ఎక్కించే జోలెడ్రోనిక్ యాసిడ్ మాత్రలు మరిచిపోయేవాళ్లకు, ఊరికి వెళ్లిపోయేవాళ్లకు చాలా అనుకూలం. తుంటి ఆపరేషన్ అయిన 90 రోజుల్లోపు ఇచ్చి చూసిన 2007 నాటి అధ్యయనంలో కొత్తగా విరగడాలు 35 శాతం, మరణాలు 28 శాతం తగ్గాయి. ముందు విటమిన్ డి సరిచేయాలి, కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకు ఇవ్వరు. ఎక్కించాక ఒకటి రెండు రోజులు జ్వరం, ఒళ్లునొప్పులు రావచ్చు. ఆరు నెలలకొకసారి వేసే డెనోసుమాబ్ ఇంజెక్షన్ కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకూ ఇవ్వొచ్చు గానీ, వాళ్లలో కాల్షియం పడిపోకుండా డాక్టర్ కనిపెట్టి ఉండాలి. ఒక డోసు తప్పితే ఎముక బలం వేగంగా పడిపోయి వెన్నుపూసలు విరగొచ్చు. ఆరు నెలలకు చెన్నైకి ఎవరు తీసుకొస్తారో తేలని కుటుంబానికి ఇది వద్దంటాను. దేనికైనా ముందు పళ్ల డాక్టర్‌కు ఒకసారి చూపించండి.

డిశ్చార్జి రోజు అడగాల్సినవి

ఆపరేషన్ కాలు మీద పూర్తి బరువు వేయొచ్చా, కొంతేనా? ఏ కదలికలు ఎన్ని వారాలు వద్దు? రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు ఎప్పటిదాకా? ఈ మూడూ కాగితం మీద ఉండాలి. పిక్క ఒక్కసారిగా వాచి నొప్పెడితే, ఆయాసం వస్తే, గాయం నుంచి చీము కారితే, నడుస్తున్న మనిషి ఉన్నట్టుండి కాలు మోపలేకపోతే ఏ వేళైనా ఆసుపత్రికే.

ఎంచుకున్న దారి నడుస్తోందో లేదో ఆరు వారాలకు ఒకసారి మీరే చూడండి. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేవగలుగుతున్నారా? లేచి మూడు మీటర్లు నడిచి, వెనక్కి తిరిగొచ్చి కూర్చోడానికి ఎంతసేపు పడుతోంది? 12 సెకన్లు, అంతకు మించి పడుతుంటే పడిపోయే ప్రమాదం ఇంకా ఉందని అర్థం, వాకర్ వదిలేయొద్దు. నాలుగో వారానికీ ఆరో వారానికీ మధ్య ఏ మెరుగూ కనిపించకపోతే చోటు మార్చండి. ఇంట్లో కుదరకపోతే సెంటర్‌కు, సెంటర్లో పడుకోబెడుతుంటే ఇంటికి, ఇంటి ఫిజియోతో ఆగిపోతే క్లినిక్‌కి. కండ పట్టడానికి మూడు నెలలు పడుతుంది కాబట్టి ఆరో వారంలో మార్చినా ఆలస్యమేమీ కాదు.